గృహ కంప్యూటర్ల గడియారాల్లో రెండంకెల సంవత్సరం: శతాబ్ది స్థానంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1980, 1990 దశకాలలో ఇళ్లలోను, చిన్న కార్యాలయాలలోను వాడిన కంప్యూటర్ల గడియారాలు చాలావరకు సంవత్సరాన్ని రెండంకెలతోనే గుర్తుంచుకొన్నాయి. కొన్నింటికి ఆ రెండంకెలు కూడా లేవు. శతాబ్దిని తెలిపే మిగిలిన రెండంకెలు ఎక్కడ ఉండాలి, కాలం వచ్చినప్పుడు వాటిని మార్చే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఒక్కో యంత్రం ఒక్కో విధంగా సమాధానం చెప్పింది. ఈ వ్యాసం ఐ.బి.ఎం. పీసీ/ఏటీ గడియారాన్ని ప్రధానంగా తీసుకొని, దాని సమకాలిక యంత్రాలతో పోల్చి పరిశీలిస్తుంది. ఆ యంత్రాలలో తయారైన ఫైళ్ల తేదీలను సాహిత్య పరిశోధకులు ఆధారాలుగా స్వీకరించేటప్పుడు ఎదురయ్యే చిక్కులను చర్చిస్తుంది.

కీలకపదాలు: గృహ కంప్యూటర్, కాలగణన, రెండంకెల సంవత్సరం, శతాబ్ది బైటు, వై2కె, లౌకికాబ్దం, అహర్గణం, ఫైలు తేదీ.

1. ఉపోద్ఘాతం

కల్హణుడు రాజతరంగిణి రచనాకాలాన్ని రెండు విధాలుగా చెప్పాడు. లౌకికాబ్దం ప్రకారం అది 24వ సంవత్సరం. శకవర్షాలు 1070 గడిచాయి. సప్తర్షి శకమని కూడా పేరున్న ఈ లౌకికాబ్దం కాశ్మీరంలో వాడుకలో ఉండేది. దానిని చెప్పేటప్పుడు వందల స్థానాన్ని, ఆపై స్థానాన్ని వదిలివేయడం అక్కడి ఆచారం. 4224 అనవలసిన చోట 24 అంటే సరిపోయేది. సమకాలికునికి ఆ 24 చాలు. నూరేళ్ల తర్వాత చదివేవానికి చాలదు. శకవర్షాన్ని పక్కన చేర్చడం వల్లనే ఆ 24 క్రీ.శ. 1148-49కి చెందినదని ఈనాడు నిస్సందేహంగా చెప్పగలుగుతున్నాం.

తెలుగువారికి ఈ సమస్య కొత్త కాదు. ప్రభవాది సంవత్సరనామాలు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. 1867, 1927, 1987 సంవత్సరాల ఉగాదులతో మొదలైనవన్నీ ప్రభవలే. ఒక తాళపత్ర ప్రతి చివర లేఖకుడు సంవత్సరనామం, మాసం, తిథి మాత్రమే రాసి విడిచిపెట్టినప్పుడు అది ఏ ఆవృత్తిలోనిదో తేల్చడానికి పరిష్కర్తలు పడే శ్రమ పరిశోధకులకు తెలిసిందే. శాసనాల్లో శకవర్షంతో పాటు సంవత్సరనామాన్ని, తిథివారాలను చెప్పడం ఈ కారణం చేతనే విలువైనది. ఒకటి చెరిగిపోయినా, తప్పుగా చెక్కినా మరొకటి సరిదిద్దుతుంది.

ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో సామాన్యుల ఇళ్లకు చేరిన కంప్యూటర్లు ఈ పాత సమస్యను కొత్తగా ఎదుర్కొన్నాయి. వాటి గడియారాలు కల్హణుని లౌకికాబ్దం వంటివి. చాలావాటికి పక్కన శకవర్షం లేదు. 'వై2కె' అన్న పేరుతో ప్రసిద్ధమైన చర్చలో ఈ చిన్న యంత్రాల ప్రస్తావన తక్కువ. ఆ చర్చ ఎక్కువగా బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు వాడిన పెద్ద కంప్యూటర్లను గురించినది. 1990ల చివరలో ఈ పని మీద అమెరికాకు వెళ్లిన తెలుగు ప్రోగ్రామర్లలో పలువురు చేసింది కూడా అటువంటి యంత్రాల్లోని కోబాల్ ప్రోగ్రాములను సరిదిద్దడమే. గృహ కంప్యూటర్ కథ దానికి భిన్నమైనది.

2. రెండంకెలకు కారణం పొదుపేనా?

పెద్ద కంప్యూటర్ల విషయంలో రెండంకెల సంవత్సరానికి కారణం పొదుపు అని చెప్పడం పరిపాటి. 80 నిలువు గడులు మాత్రమే ఉన్న పంచ్ కార్డులో ప్రతి తేదీకి రెండు గడులు మిగిల్చుకోవడం ఆనాటి వారికి అవసరమే. 1968లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం సమాచార మార్పిడికి ఆరంకెల తేదీని ప్రమాణంగా ప్రకటించడంతో ఆ అలవాటుకు అధికారముద్ర కూడా పడింది. ఇది ముందుముందు ఇబ్బంది పెడుతుందని రాబర్ట్ బెమర్ 1970వ దశకంలోనే రాతపూర్వకంగా హెచ్చరించినా పట్టించుకొన్నవారు తక్కువ.

గృహ కంప్యూటర్ గడియారానికి ఈ పొదుపు వాదం పూర్తిగా పొసగదు. గడియారపు చిప్‌లో సెకన్లు, నిమిషాలు, గంటలు, వారం, తేదీ, నెల, సంవత్సరం అన్నింటికీ తలా ఒక బైటు కేటాయించారు. ఒక బైటులో రెండు దశాంశ అంకెలు పడతాయి. ఈ పద్ధతికి బీసీడీ అని పేరు. సెకన్లకు 59 దాటదు, గంటలకు 23 దాటదు, నెలకు 12 దాటదు. వీటన్నింటికీ రెండంకెలు పుష్కలం. ఆ వరుసలో చివరిదైన సంవత్సరానికి కూడా మిగిలినవాటికి ఇచ్చినంత చోటే దక్కింది. అంటే చిప్ సంవత్సరాన్ని నిమిషం లాగే చూసింది: నిండిన తర్వాత సున్నాకు తిరిగి వచ్చే చక్రంగా. మరొక బైటు చేర్చడానికి అయ్యే ఖర్చు కన్నా, సంవత్సరం మిగిలినవాటి వంటిది కాదన్న స్పృహ లేకపోవడమే ఇక్కడ అసలు కారణమని చెప్పడం సమంజసం.

3. గడియారం లేని యంత్రాలు, సంవత్సరం లేని గడియారాలు

తొలితరం గృహ కంప్యూటర్లలో చాలావాటికి తేదీతో పనే లేదు. 1982లో వచ్చిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో టీవీ తెర మారిన ప్రతిసారీ, అంటే సెకనుకు 50 సార్లు, పెరిగే ఒక లెక్క మాత్రమే ఉండేది. అదే ఏడాది వచ్చిన కమొడోర్ 64 గంటలు, నిమిషాలు, సెకన్లు చెప్పగలిగేది. తేదీ అన్న భావనే అందులో లేదు. భారతదేశంలో 1984-85లో మొదలైన 'క్లాస్' పథకం కింద పాఠశాలలకు పంపిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో సెకనులో నూరవవంతుల లెక్క ఉండేది కాని, స్విచ్ తీసివేస్తే అది పోయేది. ఈ యంత్రాలకు శతాబ్ది సమస్య లేకపోవడానికి కారణం వాటికి నిన్న అనేది లేకపోవడమే.

1981 ఆగస్టులో వెలువడిన ఐ.బి.ఎం. పీసీ కూడా ఈ కోవలోనిదే. దానిలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. స్విచ్ వేయగానే డాస్ తేదీని, సమయాన్ని అడిగేది. వాడుకరి ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే 1980 జనవరి 1, అర్ధరాత్రి అని అనుకొనేది. అక్కడి నుంచి సెకనుకు సుమారు 18.2 సార్లు వచ్చే స్పందనలను లెక్కపెట్టుకొంటూ కాలాన్ని నడిపించేది. ఈ లెక్కలో ఒక విచిత్రమైన లోపం ఉంది. అర్ధరాత్రి దాటిందన్న విషయాన్ని బయాస్ ఒక గుర్తుగా మాత్రమే పెట్టేది, ఎన్ని అర్ధరాత్రులు దాటాయన్న సంఖ్యగా కాదు. యంత్రాన్ని తాకకుండా రెండు రాత్రులు నడవనిస్తే ఒక రోజు లెక్కలో నుంచి జారిపోయేది.

ఈ కొరతను తీర్చడానికి పీసీలో అమర్చే విస్తరణ కార్డులు వచ్చాయి. వాటిలో కొన్ని వాడిన నేషనల్ సెమీకండక్టర్ వారి ఎంఎం58167 చిప్‌లో సెకను భాగాల నుంచి నెల దాకా అన్నీ ఉన్నాయి, సంవత్సరం లేదు. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ సంవత్సరాన్ని వేరే చోట దాచుకొని, డిసెంబరు తర్వాత జనవరి కనిపించినప్పుడు ఒకటి కలుపుకోవాలి. జపానులో నెక్ సంస్థ తయారుచేసిన µపీడీ1990 చిప్ కూడా అంతే. తేదీ, నెల, వారం చెప్పేది, సంవత్సరం చెప్పేది కాదు.

ఆ చిప్‌ను వాడిన యంత్రాల్లో టీఆర్‌ఎస్-80 మోడల్ 100 ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1983లో వచ్చిన ఈ ఒళ్లో పెట్టుకొనే కంప్యూటర్‌ను క్యోసెరా తయారుచేయగా రేడియో షాక్ అమ్మింది. విలేకరులు దీనిని బాగా ఇష్టపడ్డారు. చిప్‌కు సంవత్సరం తెలియదు కనుక దానిని మెమరీలో రెండంకెలుగా ఉంచారు. ముందున్న '19' మాత్రం మార్చడానికి వీలైన రామ్‌లో కాక, తయారీలోనే ముద్రించిన రోమ్‌లో ఉంది. స్విచ్ వేయగానే కనిపించే తొలితెర మీద ఏ సంవత్సరమైనా '19'తోనే మొదలయ్యేది. కల్హణుడు శకవర్షాన్ని చేర్చాడు. ఈ యంత్రం శకవర్షపు తొలి అంకెలను రాతి మీద చెక్కి, మిగిలినవాటిని సుద్దముక్కతో రాసుకొంది.

4. పీసీ/ఏటీ: శతాబ్దికి ఒక బైటు

1984 ఆగస్టులో ఐ.బి.ఎం. విడుదల చేసిన పీసీ/ఏటీ నిర్మాణం తరువాతి పీసీలన్నింటికీ మూసగా మారింది. అందులో మోటరోలా వారి ఎంసీ146818 చిప్ ఉంది. బ్యాటరీతో నిరంతరం నడిచే ఈ చిప్‌లో 64 బైట్లు ఉంటాయి. మొదటి 14 గడియారానివి, దాని నియంత్రణవి. మిగిలిన 50 బైట్లు ఏదైనా రాసుకోవడానికి వదిలిన ఖాళీ స్థలం. సున్నా నుంచి లెక్కిస్తే 9వ స్థానంలో సంవత్సరం ఉంటుంది, 00 నుంచి 99 వరకు.

ఈ రెండంకెలు చాలవన్న సంగతి పీసీ/ఏటీ రూపకర్తలకు తెలుసు. ఖాళీగా ఉన్న బైట్లలో ఒకదానిని, హెక్సాడెసిమల్ లెక్కలో 32వ స్థానంలో ఉన్నదానిని, వారు శతాబ్దికి కేటాయించారు. అందులో '19' అని రాసి ఉంచుతారు. తేదీ కావాలని ఏ ప్రోగ్రామైనా బయాస్‌ను అడిగితే అది 9వ స్థానం నుంచి 84ను, 32వ స్థానం నుంచి 19ను తీసి, రెండూ కలిపి 1984 అని ఇస్తుంది. చూడడానికి నాలుగంకెల సంవత్సరమే.

తిరకాసు ఇక్కడే ఉంది. 9వ స్థానాన్ని చిప్ నడిపిస్తుంది. 32వ స్థానం చిప్ దృష్టిలో గడియారంలో భాగం కాదు. అది వట్టి జ్ఞాపకస్థలం. అక్కడ ఏమి రాసి ఉందో, ఎందుకు రాసి ఉందో దానికి తెలియదు. 99 తర్వాత 00 రాగానే పక్క బైటుకు ఒకటి చేర్చమని దానికెవరూ చెప్పలేదు. బయాస్‌కు శతాబ్ది అంటే ఏమిటో తెలుసు కాని, 99 నుంచి 00కు మారే క్షణంలో అది చూస్తూ ఉండదు. తెలిసినవాడు చూడడు, చూసినవానికి తెలియదు. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక ఈ గడియారం 1900 జనవరి 1 అని చెప్పడానికి కారణం అంకెల కొరత కాదు. చోటు ఉంది, చోటులో అంకెలు ఉన్నాయి. వాటిని మార్చే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

చిత్రమేమిటంటే, మరొక ప్రమాదాన్ని ఈ చిప్ తెలియకుండానే తప్పించుకొంది. నాలుగుతో భాగించబడే ప్రతి సంవత్సరాన్నీ అది లీపు సంవత్సరంగానే పరిగణిస్తుంది. నూరుతో భాగించబడే సంవత్సరాలు లీపు సంవత్సరాలు కావని, అయితే నాలుగు వందలతో భాగించబడితే అవుతాయని ఉన్న గ్రెగోరియన్ నియమాలు రెండూ దానికి తెలియవు. 2000 నాలుగు వందలతో భాగించబడుతుంది కనుక రెండు అజ్ఞానాలూ ఒకదానినొకటి కొట్టివేసుకొని సరైన ఫలితం వచ్చింది. శతాబ్ది బైటులో '19' అలాగే ఉండిపోయిన యంత్రాల్లో మాత్రం 1900 ఫిబ్రవరి 29 అనే, చరిత్రలో లేని తేదీ పుడుతుంది. (ఆ లేని తేదీని ఎక్సెల్ కూడా నేటికీ ఉన్నట్లే లెక్కిస్తుంది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాములోని పొరపాటును పొంతన కోసం వారసత్వంగా స్వీకరించడమే దానికి కారణం.)

శతాబ్ది బైటు ఎక్కడ ఉండాలన్న విషయంలోనూ ఏకాభిప్రాయం నిలవలేదు. ఐ.బి.ఎం. తన తరువాతి పీఎస్/2 యంత్రాల్లో దానిని హెక్సాడెసిమల్ 37వ స్థానానికి మార్చింది. 1996లో వెలువడిన ఏసీపీఐ ప్రమాణంలో 'ఈ యంత్రంలో శతాబ్ది ఏ స్థానంలో ఉంది' అని తెలిపే ఒక ప్రత్యేకమైన గడిని ఏర్పాటు చేయవలసి వచ్చింది. శతాబ్ది ఎక్కడ ఉందో చెప్పడానికి మరొక బైటు అవసరమైందన్న మాట. డాలస్ సెమీకండక్టర్ వారి డీఎస్12సీ887 వంటి తరువాతి చిప్‌లలో శతాబ్ది కూడా గడియారంలో భాగమై, తనంత తాను మారడం మొదలయింది.

5. డాస్ చూసిన సంవత్సరం

చిప్‌కు, బయాస్‌కు పైన ఉన్న మూడో అంచె డాస్. అది తేదీని రెండంకెలుగా ఉంచుకోలేదు. ఫైలు పక్కన రాసే తేదీలో సంవత్సరానికి 7 బిట్లు ఉంటాయి. 1980 నుంచి ఎన్నేళ్లు గడిచాయన్న సంఖ్య అందులో ఉంటుంది. 0 నుంచి 127 వరకు, అంటే 2107 దాకా అవకాశం ఉంది. వాడుకరి తేదీని మార్చేటప్పుడు మాత్రం డాస్ 1980 నుంచి 2099 వరకే అంగీకరించేది. అందులోనూ రెండంకెలు టైపు చేస్తే 80 నుంచి 99 వరకే చెల్లేది. 2000 కావాలంటే నాలుగంకెలూ ఇవ్వాలి. డాస్ లోపల శతాబ్ది ఉంది. మనిషి దగ్గరకు వచ్చేసరికి, ఫైళ్ల పట్టికలో, మళ్లీ రెండంకెలే.

ఈ మూడు అంచెలూ కలిసినప్పుడు జరిగినది గమనార్హం. 1999 డిసెంబరు 31 రాత్రి పీసీ నడుస్తూనే ఉంటే డాస్ తన రోజుల లెక్క ప్రకారం 2000 జనవరి 1కి సరిగానే చేరుకొనేది. యంత్రాన్ని ఆపి మళ్లీ వేసినప్పుడు, శతాబ్దిని సరిదిద్దని పాత బయాస్ ద్వారా అది చిప్‌లోని తేదీని చదివేది. 1900 అన్న సంవత్సరం డాస్‌కు చెల్లదు. దాని ప్రపంచం 1980లో మొదలవుతుంది. ఫలితంగా అటువంటి యంత్రాల్లో తేదీ 1980 జనవరి తొలి రోజులకు వెళ్లిపోయేది. అందువల్ల, రాత్రంతా మేలుకొని తెర వైపు చూసి, 2000 రావడం చూసి తృప్తిపడిన వాడుకరికి మరునాటి ఉదయం ఇరవై ఏళ్ల వెనకటి తేదీ ఎదురయ్యే అవకాశం ఉండేది.

దీనికి మందు సులభమైనది. డాస్ 3.3 (1987) నుంచి తేదీ మార్చే ఆదేశం చిప్‌లోని గడియారాన్ని కూడా మార్చేది. నాలుగంకెలతో 2000 అని ఒక్కసారి చెబితే శతాబ్ది బైటులో '20' చేరేది. చాలా యంత్రాలకు ఆ తర్వాత నూరేళ్ల వరకు ఇబ్బంది లేదు. కొత్త బయాస్‌లు ఆ మాట కూడా అవసరం లేకుండా చేశాయి. శతాబ్ది బైటులో 19 ఉండి, సంవత్సరం 80 కన్నా తక్కువగా కనిపిస్తే శతాబ్దిని తామే 20 చేసుకొన్నాయి. 1980కి ముందు పీసీయే లేదు కనుక ఆ ఊహ తప్పయ్యే అవకాశం లేదు. శాసన పరిష్కర్త రాజు పేరును బట్టి సంవత్సరనామం ఏ ఆవృత్తిలోనిదో నిర్ణయించడం ఇటువంటిదే.

విండోస్ 3.1లోని ఫైల్ మేనేజర్ చేసిన పొరపాటు అన్నింటికన్నా ముచ్చటైనది. అది 1900 నుంచి గడిచిన ఏళ్లను తీసుకొని పదుల స్థానానికి ఒక అక్షరం, ఒకట్ల స్థానానికి ఒక అక్షరం ముద్రించేది. 2000 వచ్చేసరికి ఆ సంఖ్య 100 అయింది. పదుల స్థానంలో 9 తర్వాతది ముద్రించవలసి వచ్చింది. ఆస్కీ వరుసలో 9 తర్వాత వచ్చే గుర్తు కోలన్. అందువల్ల 2000 సంవత్సరం ':0' అని కనిపించింది. దీనిని సరిచేయడానికి మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది.

6. అహర్గణ పద్ధతి

సంవత్సరాన్ని అంకెలుగా రాసుకోవడం ఒక పద్ధతి. ఒక ఆది బిందువును నిర్ణయించుకొని అక్కడి నుంచి గడిచిన కాలాన్ని ఒకే సంఖ్యగా లెక్కించుకొంటూ పోవడం మరొక పద్ధతి. మన సిద్ధాంత జ్యోతిషం క్రీ.పూ. 3102లోని కలియుగాది నుంచి రోజులు లెక్కించి, ఆ రాశికి అహర్గణమని పేరు పెట్టింది. అహర్గణానికి శతాబ్ది సమస్య లేదు. చోటు చాలడమే దాని సమస్య.

1984 నాటి మాకింటాష్ ఈ మార్గాన్ని ఎంచుకొంది. 1904 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల సంఖ్యగా దాని గడియారం లెక్కిస్తుంది. ఆ సంఖ్య 2040 ఫిబ్రవరి 6న నిండుతుంది. 1900 లీపు సంవత్సరం కాదు కనుక ఇరవయ్యో శతాబ్దిలో తొలి లీపు సంవత్సరమైన 1904 నుంచి మొదలుపెడితే నాలుగేళ్ల లెక్క సాఫీగా సాగుతుంది. గడియారం ఇంత దూరం చూసినా, తేదీ మార్చే కంట్రోల్ ప్యానెల్ 1920 నుంచి 2019 వరకే అనుమతించేది. అదే సంస్థ ఒక ఏడాది ముందు తెచ్చిన లీసాలో పరిస్థితి మరీ విడ్డూరం. సంవత్సరానికి అందులో 4 బిట్లే. 1980 నుంచి 1995 దాకా పదహారేళ్లు. అంతటితో దాని కాలం ముగుస్తుంది.

అమిగా లోపల 1978 జనవరి 1 నుంచి రోజుల లెక్క ఉంటుంది. ఇది అక్షరాలా అహర్గణమే. అయితే వాడుకరికి సంవత్సరాన్ని రెండంకెలతో చూపుతుంది, రెండంకెలతోనే తీసుకొంటుంది. 78 నుంచి 99 వరకు ఇరవయ్యో శతాబ్ది, 00 నుంచి 45 వరకు ఇరవై ఒకటో శతాబ్ది. మధ్యనున్న 46 నుంచి 77 వరకు సంఖ్యలు చెల్లవు. అనుమానం ఉన్నచోట ఊహించడం కన్నా నిరాకరించడం మేలన్న ఈ నిర్ణయం ఆ కాలపు పరిష్కారాలన్నింటిలో నిజాయితీ గలదని చెప్పవచ్చు. ఎంఎస్‌ఎక్స్2 యంత్రాలు రెండంకెల చిప్‌నే వాడినా, ఎంఎస్‌ఎక్స్-డాస్ అందులోని 00ను 1980గా చదివింది. చక్రం అదే, ఆదిబిందువు మారింది. 1999 నాటికి చిప్‌లో 19 మాత్రమే ఉంటుంది కనుక ఆ అర్ధరాత్రి దానికి మామూలు అర్ధరాత్రే.

ఆకర్న్ ఆర్కిమెడిస్‌లోని పీసీఎఫ్8583 చిప్‌లో సంవత్సరానికి ఉన్నది 2 బిట్లు. 0, 1, 2, 3, మళ్లీ 0. లీపు సంవత్సరం ఎప్పుడో తెలుసుకోవడానికి మాత్రమే అది పనికివస్తుంది. పూర్తి సంవత్సరాన్ని రిస్క్ ఓఎస్ వేరే బైట్లలో దాచుకొని, చిప్‌లోని లెక్క ముందుకు జరిగినప్పుడు సరిచూసుకొంటుంది. లోపల మాత్రం అది 1900 నుంచి సెకనులో నూరవవంతులను 40 బిట్లలో లెక్కించి 2248 దాకా పోగలదు. మూడు శతాబ్దాలు చూడగల వ్యవస్థ నాలుగేళ్లు మాత్రమే చూడగల చిప్ మీద ఆధారపడి ఉందన్న మాట.

ఈ యంత్రాలను ఇప్పటికీ భద్రపరిచి నడిపేవారు మరొక ఉపాయం పాటిస్తారు. 1901 నుంచి 2099 వరకు గ్రెగోరియన్ క్యాలెండర్ 28 ఏళ్లకొకసారి తేదీ-వారాలతో సహా పునరావృతమవుతుంది. 2000కు 1972, 2024కు 1996 సరిపోతాయి. గడియారాన్ని 28 ఏళ్లు వెనక్కి పెడితే వారం తప్పదు, లీపు తప్పదు. సంవత్సరం ఒక్కటే అబద్ధం. అరవై ఏళ్ల చక్రానికి అలవాటుపడిన తెలుగువారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

7. ఊహించిన శతాబ్ది: గ్రంథసూచుల విషయం

రెండంకెలను చూసి శతాబ్దిని ఊహించే పద్ధతి గడియారాల నుంచి ప్రోగ్రాములకు పాకింది. లినక్స్ కెర్నల్ పీసీ గడియారాన్ని చదివేటప్పుడు 69 వరకు ఉన్న రెండంకెలను 2000ల్లోకి, 70 నుంచి ఉన్నవాటిని 1900ల్లోకి చేర్చింది. ఎక్సెల్ 97లో 00 నుంచి 29 వరకు 2000లు, 30 నుంచి 99 వరకు 1900లు. గడియారానికి ఈ ఊహ చెల్లుతుంది. ఎందుకంటే గడియారం వర్తమానాన్నే చెబుతుంది. చరిత్రకారుడు టైపు చేసే తేదీలు వర్తమానానివి కావు.

గ్రంథాలయ సూచిని, రచయితల జీవితవివరాల పట్టికను ఎక్సెల్‌లో తయారుచేసే పరిశోధకునికి ఇది నిత్యానుభవంలోకి రాగల విషయం. గురజాడ అప్పారావు మరణించిన తేదీ 30-11-1915. దానిని 30-11-15 అని టైపు చేస్తే ప్రోగ్రాము 2015గా గ్రహిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ జన్మతేదీ 10-9-1895. 10-9-95 అని టైపు చేస్తే 1995 అవుతుంది. గడిలో కనిపించేది మాత్రం వాడుకరి టైపు చేసిన రెండంకెలే కావచ్చు. తప్పు లోపల దాగి, కాలక్రమంలో పేర్చమన్నప్పుడు బయటపడుతుంది. గురజాడ విషయంలో సరిహద్దు సంఖ్యను మార్చితే సరైన సమాధానం రావచ్చు. విశ్వనాథ విషయంలో ఏ సరిహద్దూ సహాయపడదు, ఎందుకంటే ఆ పద్ధతికి పంతొమ్మిదో శతాబ్ది అనేది లేదు. ఆధునిక తెలుగు సాహిత్యచరిత్ర మూడు శతాబ్దాలలో విస్తరించి ఉంది. రెండంకెల పద్ధతి రెండింటినే చూస్తుంది.

8. ఫైలు తేదీ సాక్ష్యం కాగలదా?

1990లలో తెలుగు ముద్రణ అక్షరాల పెట్టెల నుంచి డీటీపీకి మారింది. ఆనాటి పత్రికల సంచికలు, కవితా సంపుటాలు, పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలు పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములలో తయారై ఫ్లాపీలలో మిగిలాయి. రచనాకాల నిర్ణయానికి, పాఠభేదాల క్రమనిర్ణయానికి ఈ ఫ్లాపీలు రేపటి తాళపత్రాలు. ఫైలు పక్కన ఉన్న తేదీని గద్యాంత వాక్యంలోని తేదీలాగే పరిష్కరించుకోవలసి ఉంటుంది.

మొదట గమనించవలసినది, డాస్ భద్రపరిచిన తేదీ ఫైలు పుట్టిన తేదీ కాదు. దానిలో చివరిసారి రాసిన తేదీ. పుట్టిన తేదీకి విడిగా చోటు విండోస్ 95తో వచ్చింది. రెండోది, ఫైలును మరొక ఫ్లాపీకి నకలు తీసినప్పుడు పాత తేదీయే వెంట వస్తుంది. అందువల్ల సరైన గడియారం ఉన్న యంత్రంలో దొరికిన ఫైలుకు తప్పు తేదీ ఉండడం, తప్పు గడియారం ఉన్న యంత్రంలో దొరికినదానికి సరైన తేదీ ఉండడం రెండూ సంభవమే. తేదీ ఆ ఫైలును చివరిసారి రాసిన యంత్రానిది. అది నేడు దొరికే ఆధారమే కాకపోవచ్చు.

1980 జనవరి తేదీ ఉన్న ఫైళ్లు ప్రత్యేక పరిశీలనకు అర్హమైనవి. అటువంటి తేదీకి కనీసం మూడు కారణాలు ఉండవచ్చు: యంత్రంలో గడియారమే లేక, అడిగినప్పుడు వాడుకరి ఎంటర్ నొక్కి వదిలివేయడం, గడియారం ఉన్నా బ్యాటరీ అయిపోవడం, శతాబ్ది బైటు మారని యంత్రంలో 2000 తర్వాత రాయడం. మూడింటిలో ఫైలు అసలు కాలం వేర్వేరు దశకాల్లో ఉండగలదు. తేదీని తోసిపుచ్చడానికి అంతస్సాక్ష్యం తరచు అందులోనే దొరుకుతుంది. పేజ్‌మేకర్ తొలిసారి వెలువడింది 1985లో. 1980 తేదీ ఉన్న పేజ్‌మేకర్ ఫైలు తన తేదీని తానే ఖండిస్తుంది. ఫైలు ఏ కూర్పులో తయారైందో తెలిస్తే పూర్వావధి మరింత దగ్గరవుతుంది. వాడిన తెలుగు ఫాంటును బట్టి ఇంకా దగ్గరకు రావచ్చు.

అంత మాత్రాన తప్పు తేదీని పూర్తిగా పారవేయవలసిన పనిలేదు. గడియారం లేని పీసీ ఎంటర్ నొక్కిన వెంటనే 1980 జనవరి 1 అర్ధరాత్రి నుంచి లెక్క మొదలుపెడుతుందని పైన చెప్పుకొన్నాం. ఆ లెక్కకు ఆది మాత్రమే అబద్ధం, నడక నిజం. ఒక ఫ్లాపీలో ఒక కవితకు చెందిన మూడు ఫైళ్లు 1980 జనవరి 1వ తేదీతోనే ఉండి, వాటి సమయాలు 12.07, 12.31, 1.15 అని ఉన్నాయనుకొందాం. అవి ఏ సంవత్సరానివో గడియారం చెప్పలేదు. మూడూ ఒకే కూర్పులో రాసినవని ఇతర ఆధారాల వల్ల తేలితే మాత్రం, స్విచ్ వేసిన ఏడు నిమిషాలకు మొదటి పాఠాన్ని, మరో 24 నిమిషాలకు రెండోదానిని, ఆపై 44 నిమిషాలకు మూడోదానిని భద్రపరిచారని అది చెప్పగలదు.